రాజాం మైకు ఆగిన ఏడు

కన్యాకుమారి సంచి సర్దుతోంది. కాకీగుడ్డతో కుట్టించిన పెద్ద సంచి. అడుగున దుప్పటి, దాని మీద రెండు లాల్చీలు, మూడు పంచెలు, ఒక తువ్వాలు. ఆ పైన వాము పొట్లం, శొంఠి పొట్లం, నీళ్ళు మారితే జ్వరం తగులుతుందని మిరియాల పొట్లం. కిరాణా కొట్టున్న ఇల్లు కాబట్టి పొట్లాలకు కొదవ లేదు. సర్దడం ఎప్పుడో అయిపోయింది. అయినా దుప్పటి సరిగా మడవలేదని మళ్ళీ అంతా తీసి మొదటినుంచి పెడుతోంది.

తమ్ముడు సూర్యారావు గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు. ఆవిడ అటు తిరగ్గానే ఒక్కో పొట్లం తీసి గూట్లో పెట్టేస్తున్నాడు.

"అప్పా, నాను పరాయి ఊరెల్తన్నాను గానీ కొట్టు ఎట్టడానికి ఎల్లడం నేదు."

"ఖరగపూర్ల వాము దొరుకుతాదేటి?"

"అక్కడోల్లకి కడుపునొప్పి రాదేటి మరి?"

నవ్వాల్సిన మాటే. కానీ వారం రోజుల్లో వాడు ఆవిడతో పలికిన మాటల్లో ఇవే పొడుగైనవి. నవ్వితే ఏడుపు వస్తుందేమోనని కన్యాకుమారి మళ్ళీ దుప్పటి మీద పడింది. నాలుగేళ్ళ పిల్లాడిగా ఉన్నప్పుడు తల్లి పోతే, పాతపట్నం నుంచి కాపురానికి వస్తూ వాణ్ణి చంకనెత్తుకుని తెచ్చుకుంది. ఇప్పుడు వాడికి ముప్ఫై ఏళ్ళు. ఈ ఊళ్ళో వాడి గొంతు తెలియనివాళ్ళు లేరు. ఆ గొంతు నొక్కేసిన చేయి తనదేనని ఆవిడకి తెలుసు. వాడికీ తెలుసు. తెలిసి కూడా ఒక్క మాట అనలేదు. అదే ఆవిణ్ణి కాల్చుకు తింటోంది.

రాజాం బజారు వర్తకులు పదేళ్ళ కిందట చందాలేసుకుని, ధాన్యం కాటాల పక్క గదిలో ఒక మైకు పెట్టించారు. బస్సులు ఆగే చోట, సంతలో, బజారు పొడుగునా తొమ్మిది స్తంభాలకి లౌడుస్పీకర్లు కట్టించారు. ధాన్యం ధరలు చెప్పడానికని పెట్టినదే. నాటకాల్లో వేషాలు కడుతూ ఊళ్ళు పట్టుకు తిరుగుతున్న సూర్యారావుని బావ నగరేశ్వరరావు చెవి పట్టుకు తెచ్చి అందులో కూర్చోబెట్టాడు. ఆ రోజు నుంచి అది ధరల మైకు కాకుండా పోయింది.

"ఇది రాజాం మైకు. మాటాడతన్నది సూరి. తెల్లారిపోనాది, లెగండి!" అని ఆరింటికి మొదలుపెట్టేవాడు. ధరలయ్యాక ఏ బస్సు ఎక్కడ ఆగిపోయిందో, ఎవరి మేక ఎవరి పెరట్లో దూరిందో, ఎవరింట్లో పిల్ల పుట్టిందో చెప్పేవాడు. "అసిరమ్మత్త మేక సంతల ఉన్నాది. రెండు తువ్వాల్లు తినేసింది. మూడోది తినక ముందే వొచ్చి తోలుకెల్లాల" అంటే ఊరంతా నవ్వేది, అసిరమ్మ మాత్రం తిట్టుకుంటూ పరిగెత్తేది.

అన్నిటికంటే జనం చెవులు నిక్కించి వినేది పయనాల పిలుపు. ఖరగపూర్ రైలు పనికో, కలకత్తా మిల్లులకో, అస్సాంకో వెళ్ళేవాళ్ళు ముందురోజు గదికి వచ్చి పేరు చెప్పి వెళ్ళేవారు. బస్సుకు గంట ముందు సూర్యారావు పిలిచేవాడు. "సాకలి దాలయ్య కొడుకు కలకత్తా ఎల్తన్నాడు. పదిన్నర బస్సు. ఆడితో సెప్పాల్సిన మాటలుంటే బేగి రండి." జనం వచ్చేవారు. అక్కడున్న కొడుక్కి చెప్పమని కబుర్లు, పచ్చళ్ళు, కాకపోతే ఊరికే వీపు మీద ఓ చరుపు. మాటల్లేని అన్నదమ్ములు సైతం ఆ పిలుపు విని బస్సు దగ్గర ఎదురుపడేవారు. పిలుపు లేకుండా ఊరు దాటిన మనిషి ఆ పదేళ్ళలో లేడు.

ఒక్కో ఊరి మైకుది ఒక్కో తీరు. పాతపట్నంలో ఓ ముసలాయన ముందు గట్టిగా దగ్గి, తర్వాత సగం తెలుగు సగం ఒడియాలో మొదలెట్టేవాడు. కన్యాకుమారి పుట్టింటికి వెళ్ళేటప్పుడు బస్సులో కునుకు పట్టినా, ఆ దగ్గు వినబడగానే కళ్ళు తెరిచేది. ఊరొచ్చేసిందని ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక కన్యాకుమారి సంగతి. ఆవిడ బడికి వెళ్ళలేదు. కొట్లో పొట్లాలకు చింపే పాత పేపర్లు చూసి చూసి అక్షరాలు పట్టుకుంది. మొదట సబ్బు పేర్లు, తర్వాత వార్తలు, తర్వాత సగానికి చిరిగిపోయిన కథలు. ముప్ఫై ఏళ్ళు వచ్చేసరికి ఆ వీధి ఆడవాళ్ళందరికీ ఉత్తరాలు చదివిపెట్టే మనిషైంది. మధ్యాహ్నం వంటలయ్యాక అరుగు మీద చేరేవారు. రవిక లోంచి ఉత్తరం తీసి, "సదువమ్మా" అని ఒళ్ళో పెట్టేవారు.

చదవడంలో ఆవిడకి ఒక అలవాటుంది. అది ఎవరికీ తెలియదు. పైకి చదివే ముందు కన్ను ఒక వరస ముందుకు పరిగెత్తి చూసుకొస్తుంది. అక్కడ చెడ్డ ముక్క కనబడితే నాలుక దాన్ని మింగేసి, కింది వరస అందుకుంటుంది. ఎదురుగా కూచున్న తల్లి మొహం చూస్తూ చెడ్డమాట పైకి చదవడం ఆవిడవల్ల కాదు. ఎవరైనా ఊరు విడిచి వెళ్తున్నారంటేనే ఆవిడ తట్టుకోలేదు. ఇక వెళ్ళినచోట కష్టపడుతున్నారన్న మాట ఎలా చదువుతుంది? పక్కింటి దాలమ్మ కొడుకు ఎల్లాజీ ఖరగపూర్‌లో కాలు విరగ్గొట్టుకున్నానని రాస్తే, "కాలు బెణికిందంట, తగ్గిపోనాదంట" అని చదివింది. రెండు నెలలకి నిజంగానే తగ్గిందని ఉత్తరం వచ్చింది. చూశావా, నేను చేసింది మంచిదే అయింది అనుకుంది కన్యాకుమారి. అప్పట్నుంచి మింగడం ఇంకా సులువైపోయింది.

అరవై ఎనిమిది మాఘమాసంలో గణపతిరావు అనే ఆయన జీపులో వచ్చాడు. పట్నంలో ఏదో పెద్ద ఆఫీసు మనిషి. మెత్తటి మాట, చంకలో ఫైలు. ఊరూరా మైకులు ఎవరి ఇష్టం వచ్చినట్టు వారు నడుపుతున్నారనీ, ఇకమీదట అన్నీ కలిపి 'ఉమ్మడి ప్రసారం' అవుతాయనీ, కొత్త యంత్రాలు ఊరికే ఇస్తారనీ చెప్పాడు. ఊళ్ళో పెద్దలతో పాటు ఇళ్ళవాళ్ళు కూడా ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద గుర్తులు పెట్టాలట. ఒక్కో వీధికీ ఒక్కో కాగితం. కోమట్ల వీధి కాగితం చదువు వచ్చిన కన్యాకుమారి చేతికి వచ్చింది.

సరిగ్గా అప్పుడే సూర్యారావు, "ఈ బజారు కమిటీ ఉద్యోగం ఎన్నాల్లుంటాదప్పా. ఖరగపూర్ల నాటకాలోల్లు రమ్మంటన్నారు" అంటున్నాడు. ఆ మాట అన్నప్పటినుంచి ఆవిడకి అన్నం సయించడం లేదు.

అరుగు మీద దాలమ్మ, అసిరమ్మ, ఎదురింటి కోడలు గౌరి, ఇంకా పదిమంది దాకా చేరారు. కన్యాకుమారి కన్ను అలవాటు ప్రకారం ముందుకు పరిగెత్తింది. నాలుగో వరసలో ఉంది: 'యంత్రము నడుపుటకు ప్రస్తుతమున్న వ్యక్తిని శాశ్వతముగా నియమించెదరు.' అయితే వాడిక ఊళ్ళోనే ఉంటాడు. దాని కింద ఐదో వరస: 'ఇకపై ఊరి పేరు చెప్పుట, ఊరి మనిషి మాట్లాడుట, స్థానిక ప్రకటనలు చేయుట ఉండవు. యంత్రమును తెరచుట, మూయుట మాత్రమే అతని పని.'

నాలుగో వరస గట్టిగా చదివింది. ఆరో వరస చదివింది.

"అంటే మన సూరిగాడికి పర్మనెంటన్నమాట!" అంది దాలమ్మ.

"ఆడికి పెల్లి కూడా రాసీనారేటి ఆ కాయితంల?" అంది అసిరమ్మ. అందరూ పకపకా నవ్వారు. నవ్వుతూనే అసిరమ్మ సిరాడబ్బీ మీద బొటనవేలు ఆనించి, మళ్ళీ ఆగింది. "ఇంకేటైనా ఉన్నాదా అందుల? నా మేకకేటీ ఇబ్బంది నేదు కదా?"

"ఏటీ నేదు. ఎయ్యత్తా" అంది కన్యాకుమారి.

పైన తను సంతకం పెట్టింది. ఆ కాగితం మీద అక్షరాలతో ఉన్న గుర్తు అదొక్కటే. గౌరి పదో తరగతి దాకా చదివిందే అయినా, పెద్దావిడ చదివాక మళ్ళీ కాగితం అడగడం బాగుండదని తనూ వేలే వేసింది.

జ్యేష్ఠమాసంలో కొత్త యంత్రాలు వచ్చాయి. పచ్చరంగు పెట్టెలు, అన్నిటి మీదా ఒకటే బొమ్మ. మొదటిరోజు ఆరింటికి తొమ్మిది స్తంభాల్లోంచీ వీణ మోగింది. తర్వాత ఎవరో తెలియని ఆయన, ఏ ఊరివాడో చెప్పలేని శుభ్రమైన గొంతుతో, "ఇది ఉమ్మడి ప్రసారం" అన్నాడు. జనం పళ్ళపుల్లలు నోట్లో పెట్టుకుని స్తంభాల కింద నిలబడి, ఇదయ్యాక సూరి మాట్లాడతాడని చూశారు. ఎరువుల సంగతి వచ్చింది. ఢిల్లీ సంగతి వచ్చింది. వీణ మళ్ళీ మోగింది. సూరి మాట్లాడలేదు.

నాలుగురోజులకి మేక తప్పిపోయి అసిరమ్మ మైకుగదికి వెళ్ళింది.

"సెప్పరా సూరీ."

"సెప్పకూడదత్తా."

"అదేటిరా? నీ నోటికేటయిందిరా?"

"బాగానే ఉన్నాది. తాళం మాత్రం పట్నంల ఉన్నాది."

బజారులో కుర్రకారు, "మాటాడనందుకు జీతం ఇచ్చే ఉద్యోగం మాకూ ఇప్పించరా సూరీ" అని ఏడిపించేవారు. వాడు నవ్వేవాడు. ఉదయం మీట పైకి ఎత్తడం, రాత్రి కిందికి దించడం. మధ్యలో గదిలో ఊరికే కూచోవడం. ఇంటికొస్తే అన్నం కెలికి లేచిపోయేవాడు. కన్యాకుమారి మాత్రం, పోనీలే, ఊరిలోనే ఉన్నాడు కదా, కళ్ళముందే తిరుగుతున్నాడు కదా అని తనకి తను చెప్పుకునేది. చెప్పుకున్నప్పుడల్లా ఐదో వరస కళ్ళముందు ఆడేది.

శ్రావణంలో సాకలి దాలయ్య రెండోకొడుకు అస్సాం వెళ్తున్నాడు. పయనాల పిలుపు లేదు. ఊళ్ళో ఎవరికీ తెలియదు. దాలయ్య గదికి వచ్చి, "నీకు దండం ఎడతానయ్యా, ఒక్కమాట, ఆడి పేరు ఒక్కపాలి" అన్నాడు. సూర్యారావు చాలాసేపు ఆ పచ్చపెట్టె వైపు చూసి, గూట్లో పడేసిన పాత మైకు తీగ దానికి తగిలించాడు. ఎరువుల గొంతు మధ్యలో తెగింది. "ఇది రాజాం మైకు" అన్న మాట తొమ్మిది స్తంభాల్లోంచి ఊరి మీద పడింది. మంగలి దుకాణంలో సగం గడ్డంతో ఉన్నవాళ్ళు కూడా లేచి బయటికొచ్చారు. ఆ వేళ బస్సు దగ్గర తిరునాళ్ళలాగా జనం చేరారు.

మర్నాడే జీపు వచ్చింది. గణపతిరావు కేకలేసే మనిషి కాదు. ఫైలు తెరిచి కాగితం చూపించాడు. "మీ ఊరి మైకు మేం లాక్కోలేదండీ సూర్యారావుగారూ. మీ ఇళ్ళవాళ్ళే వద్దన్నారు. చూడండి, మీ వీధివాళ్ళు. పైన సంతకం ఎవరిదో చదువుకోండి."

ఆ సాయంత్రం సూర్యారావు ఆ కాగితానికి నకలు రాసుకుని ఇంటికొచ్చాడు. అరుగు మీద దాలమ్మ, అసిరమ్మ, గౌరి ఉన్నారు. కాగితం అప్ప చేతిలో పెట్టి కింద మెట్టు మీద కూచున్నాడు.

"సదువప్పా. ఆవేల సదివినట్టే సదువు."

కన్యాకుమారి కాగితం విప్పింది. మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో వరస అయింది. దాచేది ఏమీ లేదని ఆవిడకి తెలుసు. వాడే తన చేత్తో రాసుకొచ్చిన కాగితం. అయినా నాలుక తనంతట తాను జారి ఆరో వరస అందుకుంది. చదివేశాక గాని ఏం చేసిందో ఆవిడకి తెలియలేదు.

సూర్యారావు నవ్వాడు. అంత మెత్తగా వాడు ఎప్పుడూ నవ్వలేదు. లేచి కాగితం తీసుకుని గౌరికి ఇచ్చాడు. గౌరి ఐదో వరస చదివింది.

ముందు అర్థమైనది అసిరమ్మకి. "అంటే నా ఏలితోటే నా నోరు మూయించినావేటే?" అంది. దాలమ్మకి అర్థమైనది వేరు. లేచి ఇంటికెళ్ళి బిస్కట్ల రేకుడబ్బా తెచ్చింది. అందులో ఎల్లాజీ ఉత్తరాలు. కన్యాకుమారి వైపు చూడకుండా డబ్బా గౌరి ఒళ్ళో పెట్టి, "నువ్వు సదువు పిల్లా. అన్నీ సదువు. అక్షరం ఇడిసీకు" అంది.

గౌరి చీకటి పడేదాకా చదివింది. కాలు విరిగిన ఉత్తరంలో, బెణికిందని చెప్పిన చోట ఇలా ఉంది: 'అమ్మా, నడవలేను. ఒంటరిగా ఉన్నాను. ఒక్కసారి వచ్చి కనిపించు. నువ్వొస్తే నీతో ఊరికి వచ్చేస్తాను.' తర్వాతి ఉత్తరంలో, 'తగ్గింది. నువ్వు రాలేదు. నీకేం కష్టమో నాకు తెలీదు, నేనేమీ అనుకోను' అని ఉంది. ఆ ముక్క కూడా కన్యాకుమారి చదివినట్టు ఎవరికీ గుర్తులేదు. ఆ తర్వాత మూడు ఉత్తరాలే వచ్చాయి. ఏడేళ్ళుగా ఒకటీ లేదు.

"ఆడు రమ్మన్నాడటే" అంది దాలమ్మ. తిట్టలేదు. "నువ్వు సెప్పుంటే నాను నడిసైనా ఎల్లుందునే."

కన్యాకుమారి నోరు తెరిచింది. క్షమించమనాలని ఉంది, అది తను మింగిన ముక్కలన్నిటి కింద ఎక్కడో అణిగిపోయింది.

సూర్యారావు దాలమ్మ ముందు గొంతుకూచున్నాడు. "అత్తా, నాను ఖరగపూర్ ఎల్తాను. ఎల్లాజీ ఎక్కడున్నాడో ఎతుకుతాను. దొరికితే తెస్తాను. ఇక్కడ మీట ఎత్తడానికి నానే అక్కర్నేదు, ఎవులైనా ఎత్తుతారు."

అదీ ఆ సంచి కథ.

పది కావస్తుండగా నగరేశ్వరరావు కొట్లోంచి కేకేశాడు. "ఒసే, సంచి కుడతన్నావా, సద్దతన్నావా? బస్సు మన కోసం ఆగదే."

ముగ్గురూ బస్సు దగ్గరికి నడిచారు. స్తంభం మీద శుభ్రమైన గొంతు వరి తెగుళ్ళ గురించి చెబుతోంది. చీపురుపల్లి స్టేషనులో దిగినా ఆ గొంతే, పాతపట్నం వెళ్ళినా ఆ గొంతే. పాతపట్నం ముసలాయన దగ్గు కూడా జ్యేష్ఠం నుంచి లేదట. సూర్యారావు పేరు ఎవరూ పిలవలేదు. బస్సు దగ్గర నలుగురు ఉన్నారు, వాళ్ళూ వేరే పనుల మీద వచ్చినవాళ్ళే. అప్పుడు అసిరమ్మ ఎక్కణ్ణుంచో పరిగెత్తుకొచ్చి, రోడ్డు మధ్యన నిలబడి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని అరిచింది.

"సూరిగాడు ఎల్లిపోతన్నాడర్రో! ఇనండర్రో! పదిన్నర బస్సు!"

ముసలి గొంతు. కాటాల దాకా కూడా పోలేదు. స్తంభం మీద ఆయన వరి తెగుళ్ళు చెబుతూనే ఉన్నాడు. సూర్యారావు వంగి అసిరమ్మ కాళ్ళకి దండం పెట్టాడు. "నీకు పర్మనెంటు ఇయ్యాలత్తా" అన్నాడు. అసిరమ్మ వాడి వీపు మీద ఒక్క చరుపు చరిచి మొహం తిప్పుకుంది.

అప్ప దగ్గరికి వచ్చి వాడు ఒక్క క్షణం నిలబడ్డాడు. ఇప్పుడైనా అనాలి అనుకుంది కన్యాకుమారి. తప్పయిపోయిందిరా నాయనా, నిన్ను కళ్ళముందు ఉంచుకోడానికి చేశాను, అనాలి. కండక్టరు గంట కొట్టాడు.

"జాగర్త" అంది.

"అలగే" అన్నాడు వాడు.

బస్సు చీపురుపల్లి వైపు మళ్ళింది. కన్యాకుమారి దుమ్ము అణిగేదాకా అక్కడే ఉంది. తర్వాత తిన్నగా దాలమ్మ ఇంటికి వెళ్ళి గుమ్మం బయట నిలబడి, ఎన్ని ఉత్తరాల్లో ఏమేం మింగిందో గుర్తున్నంతవరకు చెప్పింది. ఆ వీధిలో ప్రతి ఇంటి ముందూ నిలబడి చెప్పింది. కొందరు తిట్టారు. కొందరు తలుపేసుకున్నారు. అసిరమ్మ మజ్జిగ ఇచ్చింది. మళ్ళీ ఎవరూ ఆవిడ చేత ఉత్తరం చదివించుకోలేదు. ఆవిడా ఇమ్మనలేదు.

ఆశ్వయుజంలో సూర్యారావు దగ్గర్నుంచి బావ పేర ఒక కార్డు వచ్చింది. ఎల్లాజీ ఖరగపూర్ విడిచి అస్సాం వైపు వెళ్ళాడని తెలిసిందట, తనూ అటే వెళ్తున్నాడట. నగరేశ్వరరావు కార్డు భార్య చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని దాలమ్మ ఇంటి ముందు నిలబడి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పైకి చదివింది. అదే ఆఖరి కార్డు.

ఎల్లాజీ 1959 కార్తీకమాసంలో రాజాం నుంచి వెళ్ళాడు. తిరిగి రాలేదు. దాలమ్మ 1970 మార్చిలో చనిపోయింది. సూర్యారావు 1968 ఆగస్టు 19, సోమవారం, పదిన్నర బస్సుకి వెళ్ళాడు. వాడూ తిరిగి రాలేదు.